మొగుని పేరు పలకని నర్సమ్మ

నేను రిటైరయ్యాక మా ఇల్లు సగం ఇల్లు, సగం ఇంటర్వ్యూల బడి అయింది. మొయినాబాద్‌లో నర్సింగు చదివిన ఆడపిల్ల ఎవరైనా సరే, ఎక్కడో ఇంటర్వ్యూ ఉందని తెలిస్తే చాలు, ఫైలు చంకన పెట్టుకుని మా గేటు తీస్తుంది. ఆదివారం చర్చి అయిపోగానే మెట్ల మీదే పట్టుకునేవాళ్లూ ఉన్నారు. "ఆంటీ, ఏమేం అడుగుతరో జర చెప్పుర్రి" అంటారు. చెప్తాను. చెప్పకపోతే వదులుతారా!

ఫోన్‌లో చూసిన వీడియోలన్నీ మర్చిపొమ్మని ముందే చెప్తాను. నీ బలహీనత ఏమిటని అడిగితే "ఎక్కువ కష్టపడటమే నా బలహీనత" అనాలట. ఎవడు కనిపెట్టాడో గానీ, ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. అంత కష్టపడేదానివైతే నీ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడో తీరిపోయిందని ఎందుకు చూసుకోలేదమ్మా అంటే ఫైలు అటూ ఇటూ తిరగేస్తారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏవీ అంటే పాత దవాఖానలోనే ఉన్నాయంటారు. అక్కడ ఇన్నేళ్లు చేస్తామని బాండు రాసిచ్చి ఇరుక్కుంటారు, అవి విడిపించుకోకుండానే ఇంకో చోటికి పరుగెత్తుకొస్తారు. ఒక పిల్లకైతే నిండా ఇరవై రెండేళ్లు లేవు, ఐసీయూలో ఐదేళ్ల అనుభవం అని రాసుకొచ్చింది. "ఇంటర్ చదువుతున్నప్పటి నుంచే చేస్తున్నవా తల్లీ?" అని అడిగాను. "అది నెట్ సెంటరాయన రాసిండు మేడమ్" అని ఆయన మీదకు తోసింది.

ఇవన్నీ అందరూ చేసేవే, దిద్దుకుంటే పోతాయి. ఏ వీడియోలోనూ చెప్పని తప్పు ఒకటి చేసిన పిల్ల సంగతి మీకు చెప్పాలని ఇంత దూరం వచ్చాను. ఇందులో ఎవరి పేరూ రాయను. ముఖ్యంగా ఒక మనిషి పేరు అసలే రాయను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

అప్పుడు నేను చేవెళ్ల రోడ్డు మీద ఒక ప్రైవేటు దవాఖానలో నర్సింగ్ సూపరింటెండెంట్‌ని. దవాఖాన మీద కొత్తగా ఇంకో అంతస్తు లేపారు, దానికి నర్సులు కావలసి వచ్చారు. నేరుగా ఇంటర్వ్యూకు రావచ్చని చేవెళ్ల బస్టాండు దగ్గరా, మొయినాబాద్ చౌరస్తాలోనూ ఫ్లెక్సీలు కట్టించారు. ఇక చూడండి, ఆ రోజు మా దవాఖాన పెళ్లివారి విడిదిల్లే. మా వైపు ఆడపిల్ల ఇంటర్వ్యూకు ఒక్కతే రాదు. తల్లి వస్తుంది, తండ్రి వస్తాడు, మేనమామ వస్తాడు, చంకలో చంటిది, చేతిలో టిఫిన్ డబ్బా. ఒక పిల్ల వెంట ప్రార్థన చేయడానికి పాస్టరు గారు కూడా వచ్చారు. పేషెంట్లెవరో ఇంటర్వ్యూ వాళ్లెవరో తెలియక మా సెక్యూరిటీ ఆయన అందరినీ ఓపీ వరసలో నిలబెట్టాడు. ఒక మేనమామకైతే బీపీ కూడా చూసి పంపారు. చూడటమే మంచిదయింది, ఎక్కువే ఉంది.

బోర్డులో ముగ్గురం. మధ్యలో మెడికల్ సూపరింటెండెంట్ డాక్టరు గారు. పెద్దాయన, మంచి హస్తవాసి, కళ్లు తెరిచే కునుకు తీయగల నేర్పరి. ఆయన పక్కన హెచ్చార్ మేనేజరు, సిటీ నుంచి రోజూ కారులో వచ్చే కుర్రవాడు. ఎండలు మండిపోతున్నా మెడకు టై ఉండాల్సిందే. అతనికీ నాకూ ఉప్పూ నిప్పూ. అతను ప్రతిదానికీ పాలసీ అంటాడు. నేను, "నాయనా, పాలసీ బెడ్‌పాన్ పెట్టదు" అంటాను. కానీ పిల్లవాడు చెడ్డవాడు కాదు. ఆ రోజు అతనన్న మాటల్లో న్యాయం కూడా ఉంది, అది దాచకూడదు.

పొద్దున్నే వచ్చినవాళ్లలో ఒక తండ్రి కూతురితో పాటు లోపలికి వచ్చి, మేం కూర్చోమనక ముందే కుర్చీలో కూర్చున్నాడు. ఏం అడిగినా ఆయనదే జవాబు. పేషెంటు షాక్‌లోకి పోతే ఏం చేస్తావమ్మా అని నేను పిల్లనడిగాను. "మా బిడ్డ మస్తు ధైర్యం గల్లది మేడమ్. మొన్న వాకిట్లకొచ్చిన పామును ఒక్కతే కొట్టింది" అన్నాడాయన. పామును కొట్టినవారికి మార్కులిచ్చే పాలసీ లేదని మా హెచ్చార్ ఎంతో మర్యాదగా విన్నవించుకున్నాడు.

భోజనాలకు ఇంకా టైం ఉందనగా ఆ పిల్ల వచ్చింది. వాళ్లది కనకమామిడి దగ్గర ఒక పల్లె. తలకు నూనె రాసి గట్టిగా జడ వేసుకుంది, పాతదైనా ఉతికి ఇస్త్రీ చేసిన చుడీదారు. ఫైలు తెరిస్తే నా ప్రాణం లేచొచ్చింది. రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయి ఉంది, ఒరిజినల్స్ అన్నీ ఉన్నాయి, సిటీలో ఒక దవాఖానలో చేసింది ఉన్నది ఉన్నట్టు రాసింది. మధ్యలో ఖాళీ ఎందుకు వచ్చిందంటే కాన్పు అని దాచకుండా చెప్పింది. సెలైన్ ఎన్ని చుక్కలు పోవాలో అడిగితే లెక్క చేసి చెప్పింది. డాక్టరు గారు కళ్లు నిజంగానే తెరిచి ఇంకో రెండు ప్రశ్నలు వేశారు. తడబడలేదు.

"ఈ ఉద్యోగమే ఎందుకు కావాలి?" అని హెచ్చార్ అడిగాడు. దీనికి వీడియోల జవాబు ఒకటుంది, మీ సంస్థ పేరు ప్రతిష్ఠలు అని మొదలవుతుంది. ఆ పిల్ల అది చెప్పలేదు.

"దగ్గర్ల ఉన్నది సార్. సిటీకి పోవుడు, వచ్చుడుకే పొద్దుగూకుతది, చిన్న పిల్ల ఉన్నది. ఇంక రెండు దిక్కుల పోయిన, రాలే. గిది గూడ రాకుంటె పూల షెడ్డుల కూలికి పోవుడే అని ఇంట్ల మాటైపోయింది." కొంచెం ఆగి నా వైపు తిరిగింది. "చేసుడు బందైతె చదివిందంత మరిచిపోత మేడమ్. అదే నాకు భయం."

నా మనసులో ఉద్యోగం అప్పుడే ఇచ్చేశాను. కానీ ఇచ్చేది నేనొక్కదాన్నే కాదు కదా. హెచ్చార్ ఆధార్ కార్డు ఒక చేత్తో, సర్టిఫికెట్ ఇంకో చేత్తో పట్టుకుని రెండింటినీ మార్చి మార్చి చూస్తున్నాడు. సర్టిఫికెట్లలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తగారి ఇంటిపేరు. పెళ్లయిన నర్సుల్లో సగంమందికి ఉండే తంటానే ఇది. మీలో పెళ్లయినవాళ్లుంటే ఇప్పుడే పెళ్లి సర్టిఫికెట్ తీసి ఫైల్లో పెట్టుకోండి, మళ్లీ చెప్పలేదనకండి. మా దగ్గర అంతకు ముందే ఒకామె తన అక్క సర్టిఫికెట్లతో వచ్చి దొరికిపోయింది. అప్పటి నుంచి ఇతగాడు, కాగితం మీదున్న వివరాలు మనిషి నోటితో చెప్పించి సరిచూడటం అలవాటు చేసుకున్నాడు.

"మీ హస్బెండ్ పేరేంటమ్మా?" అన్నాడు.

పిల్ల తల వంచుకుంది.

"మీ ఆయన పేరు."

"ఆధార్ల ఉన్నది సార్."

"ఉంది, నాకు కనిపిస్తోంది. మీరు చెప్పాలి."

ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ, "దేవుని పేరే సార్" అంది.

"ఏ దేవుడు?"

"గుట్ట మీది దేవుడు."

అంతవరకు వెనక్కి వాలి ఉన్న డాక్టరు గారు బల్ల మీదికి వంగారు. ఆయనకు పొడుపుకథలంటే ప్రాణం. "ఏ గుట్టమ్మా?" అని ఒక పేరు అన్నారు. కాదన్నట్టు తలూపింది. ఇంకో పేరు అన్నారు. అదీ కాదు. "జర దగ్గరికొచ్చిన్రు సార్" అని ఆ పిల్ల ఉత్సాహపరిచింది కూడా. మా హెచ్చార్ నెత్తి పట్టుకున్నాడు. "సార్, ఇది ఇంటర్వ్యూ సార్!"

అప్పుడు తలుపు దానంతటదే తెరుచుకున్నట్టు తెరుచుకుంది. చంకలో మనుమరాలితో ఒక పెద్దామె లోపలికి వచ్చింది. తలుపుకు చెవి పెట్టి అంతా విన్నదని అడగకుండానే తెలుస్తోంది. పిల్ల అత్తగారు.

"అది చెప్పదు సార్. ఎన్నిసార్లడిగినా చెప్పదు. నేను చెప్త, రాసుకోర్రి" అని కొడుకు పేరు ఇంటిపేరుతో సహా గట్టిగా చెప్పింది.

"మీరు చెప్తే కుదరదమ్మా. ఆమే చెప్పాలి. అది పాలసీ."

"మొగని పేరు పలికితె ఆయుష్షు తగ్గుతది సార్. మా ఇండ్లల్ల ఎవరు పలుకరు. మా అత్త పలుకలే, నేను పలుకలే, ఇది పలుకది."

"మా ఆవిడ రోజుకు వందసార్లు పేరు పెట్టి పిలుస్తుందమ్మా, నేను బాగానే ఉన్నాగా?" అన్నారు డాక్టరు గారు. పెద్దామె ఆయన్ను కింది నుంచి మీది దాకా ఒకసారి చూసి, మర్యాదకు ఏమీ అనలేదు.

నాకు నవ్వు ఆగలేదు. అలాగని ఆమెను తప్పు పట్టే నోరూ నాకు లేదు. మాది ప్రార్థన చేసుకునే ఇల్లు, ఈ నమ్మకాలు లేవు. అయినా మా ఆయన్ను పెళ్లయిన కొత్తలో "ఇదిగో" అన్నాను, బిడ్డ పుట్టాక "పాప డాడీ" అన్నాను. ఆ పాపకు పెళ్లయి పాప పుట్టినా ఆయన ఇంకా పాప డాడీయే.

అత్తాకోడళ్లను బయట కూర్చోమని పంపించాక హెచ్చార్ పెన్ను మూశాడు. "హోల్డ్ మేడమ్. ముందు ఐడెంటిటీ క్లియర్ కాలేదు. రెండోది, ఈమె భర్త పేరే పలకలేకపోతే రేపు వార్డులో అదే పేరున్న పేషెంట్ వస్తే ఏం చేస్తుంది? దేవుడి పేరు, గుట్ట మీద ఉంటాడు అని కేస్ షీట్‌లో రాస్తుందా?"

డాక్టరు గారు పకపకా నవ్వారు. నాకు మాత్రం కోపం వచ్చింది. కోపం ఎందుకంటే, జవాబు తోచలేదు. "ముందు అందరికీ ప్రాక్టికల్ కానివ్వండి, తర్వాత చూద్దాం" అని లేచాను.

ఆ ప్రాక్టికల్ నేను కనిపెట్టిన చిన్న ఉచ్చు. మందు ఇచ్చే ముందు పేషెంటు పేరు పేషెంటు నోటితోనే చెప్పించుకోవాలి, ఇది నర్సుకు మొట్టమొదటి పాఠం. "నువ్వు ఫలానాయనవేనా?" అని మనమే పేరు అందించకూడదు. జ్వరంలో ఉన్నవాడు, చెవి వినిపించనివాడు, భయంతో ఉన్నవాడు దేనికైనా ఆఁ అంటాడు. ఒకరి సూది ఇంకొకరికి పడేది అక్కడే. ఈ సంగతి పరీక్షలో అందరూ రాస్తారు, వార్డులోకి వచ్చాక మర్చిపోతారు.

మగవాళ్ల వార్డులో నాలుగో మంచం మీద మా దగ్గర్లోని ప్రొద్దుటూరు ఊరి తాత ఒకాయన ఉన్నాడు. హెర్నియా ఆపరేషన్ అయి కోలుకున్నాడు, డిశ్చార్జికి కొడుకు రావాలని ఎదురుచూస్తూ విసిగిపోయి ఉన్నాడు. చెవుడు. ఏమడిగినా "ఆఁ" అంటాడు. తాతా, నిన్ను పరీక్షకు పెడతాం, సూది ఏమీ గుచ్చం, ముందే ఆపేస్తాం అని చెవిలో అరిచి చెప్తే మస్తు ఖుషీ అయ్యాడు. ఐదో మంచం ఆయన ఫైలు తెచ్చి తాత మంచానికి తగిలించాను. ట్రేలో మందు పెట్టి, ఈ పేషెంటుకు ఇంజక్షన్ ఇవ్వు అని ఒక్కొక్కరినీ పిలిచాం. బోర్డు ముగ్గురం గోడ పక్కన నిలబడ్డాం.

మొదటి పిల్ల చేతులు కడుక్కుంది, ఫైలు చదివింది, చక్కగా నవ్వింది. ఫైల్లో ఉన్న పేరు చెప్పి, నువ్వేనా తాతా అంది. "ఆఁ" అన్నాడు తాత. సూది చేతిలోకి తీసుకోగానే ఆపి పంపించాం. రెండో పిల్లా అంతే. పామును కొట్టిన పిల్ల కూడా అంతే. తాతకు ఆట నచ్చి, ఒకామె అడగక ముందే ఆఁ అన్నాడు.

తర్వాత మన పిల్ల వచ్చింది. ఫైలు తీసి చూసిందో లేదో, చెవుల దాకా ఎర్రబడిపోయింది. నాకప్పుడు వెలిగింది. ఐదో మంచం ఆయనది కూడా ఆ పేరే. నేను కావాలని పెట్టలేదు, ఒట్టు! మా వైపు రాయి విసిరితే ఆ పేరున్నవాడి మీదే పడుతుంది. హెచ్చార్ నా వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. ఇప్పుడేం చేస్తుందో చూడండి అన్నట్టు.

పిల్ల తాత దగ్గరికి వంగింది. "తాతా, నీ పేరు చెప్పు."

"ఆఁ."

"ఆఁ గాదు తాత. నీ పేరేంది?" గట్టిగా, చెవి దగ్గర.

"నొప్పి లేదు బిడ్డా."

"నొప్పి గాదు. పేరు! ఇంట్ల అవ్వ నిన్నేమని పిలుస్తది?"

"మా ముసలిది నన్ను పేరు పెట్టి పిలుస్తదా! ఇగో అంటది."

మా వెనక నిలబడ్డ నర్సులు నోటికి చేతులడ్డం పెట్టుకున్నారు. పిల్ల వదలలేదు. "మరి రేషన్ షాపాయన ఏమని పిలుస్తడు?" తాత ఆలోచించి, "వాడైతె పేరు పెట్టే పిలుస్తడు" అని తన పేరు చెప్పాడు. ఇంటిపేరు చెప్పాడు. తండ్రి పేరు కూడా చెప్పాడు. పిల్ల ఫైలులో చూసుకుంది. ట్రే కింద పెట్టేసింది.

"మేడమ్, గీ ఫైలు ఈ తాతది గాదు. సూది ఇయ్యను."

పొద్దుటి నుంచి వచ్చిన అంతమందిలో సూది ఇవ్వనన్నది ఆ పిల్ల ఒక్కతే. నాకు అక్కడే చప్పట్లు కొట్టాలనిపించింది. సిటీలో పని చేసినప్పుడు ఈ పేరున్నవాళ్లు వస్తే ఏం చేసేదానివని అడిగాను. "వాళ్లతోనే చెప్పిస్తుంటి మేడమ్. తర్వాత అందరితోని అట్లనే అలవాటైంది" అంది.

"చూశావా నాయనా!" అన్నాను హెచ్చార్‌తో. నా గొంతులో గర్వం ఉందేమో, ఉంటే ఉండనివ్వండి.

అతను ఒప్పుకున్నాడు. "బాగా చేసింది మేడమ్, కాదనను. కానీ ఒక్క మాట. ఇక్కడ పేరు పలకకపోవడం కలిసొచ్చింది. పలకాల్సిన టైం వస్తే? స్పృహ లేని మనిషిని తీసుకొస్తారు. పేరు పెట్టి గట్టిగా పిలిచి చూడాలని మీరే కదా ట్రైనింగ్‌లో చెప్తారు? అప్పుడు ఎవరి నోటితో చెప్పిస్తుంది?"

"అతనన్నది కరెక్టే సిస్టర్" అన్నారు డాక్టరు గారు మెల్లగా.

కరెక్టే. మనిషి మత్తులోకి జారిపోతున్నప్పుడు అన్నింటికంటే ముందు అందుకునేది తన పేరునే. అన్న, తాత అంటే లోకంలో ఎవరైనా కావచ్చు. నేను పిల్ల వైపు చూశాను. "పిలుస్త సార్... అన్న అంట, తాత అంట" అంటోంది గానీ ఆమె గొంతులో బలం లేదు. అప్పటికే పూల షెడ్డు ఆమె కళ్ల ముందు కనిపిస్తున్నట్టుంది. డాక్టరు గారు గడ్డం గోక్కున్నారు. ఏం చెప్పి ఈ పిల్లను గట్టెక్కించాలా అని నేను నా బుర్రలో ఉన్న సామెతలన్నీ వెతుక్కుంటున్నాను.

సరిగ్గా అప్పుడు వార్డు తలుపు దగ్గర ధబ్బుమని చప్పుడైంది.

చూస్తే ఒక మగ మనిషి, ముప్పై ఏళ్లుంటాయేమో, నేల మీద పొడుగ్గా పడి ఉన్నాడు. తర్వాత తెలిసింది, పిల్ల భర్త అతనే. ట్రాలీ ఆటోలో పూలు మార్కెట్టుకు వేసి, వస్తూనే ఇంటి దగ్గర భార్యనూ తల్లినీ ఎక్కించుకుని వచ్చాడు. పొద్దున తాగిన చాయ్ తప్ప కడుపులో ఏమీ లేదు. ఎంత సేపైనా భార్య రాకపోయేసరికి చూద్దామని వార్డు దాకా వచ్చి తలుపు తీశాడు. తలుపు పక్క మంచం మీద మా నర్సు ఒకాయనకు రక్తం తీస్తోంది. సిరంజిలోకి ఎక్కుతున్న రక్తం చూశాడు, అంతే సంగతి. నర్సు మొగుడికి రక్తమంటే భయమని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదట.

"అయ్యో నా కొడుకా!" అని వెనకాలే అత్తగారి కేక.

పిల్ల మాకంటే ముందు అక్కడ ఉంది. మోకాళ్ల మీద కూర్చుంది, చెంప దగ్గర చెవి పెట్టి ఊపిరి చూసింది, మెడ దగ్గర నాడి పట్టుకుంది. కాళ్లు ఎత్తి పట్టుకో అని మా నర్సుకే ఆర్డరేసింది. భుజాలు కుదిపింది. "ఏమయ్యా... ఓ... ఇగో... లెవ్వు!" ఉలుకూ పలుకూ లేదు. నేను అడుగు ముందుకేయబోయి ఆగాను. నాడి బాగానే ఉందని ఆమె ముఖం చూస్తేనే తెలుస్తోంది. హెచ్చార్ నా పక్కనే నిలబడ్డాడు. ముగ్గురి మనసులోనూ అతనడిగిన ప్రశ్నే ఉంది.

పిల్ల తల పైకెత్తి అత్తగారిని చూసింది. అడగలేదు, చూసింది అంతే. అటు మొగుడు, ఇటు నౌకరి, ఎదురుగా తరతరాల ఆన.

పెద్దామె చంకలో బిడ్డను ఎగేసుకుని ఒకటే అరుపు అరిచింది. "నా మొహం సూస్తవేందే! పేరు పెట్టి పిలువు! గట్టిగ పిలువు బిడ్డా!"

ఇక పిలిచింది చూడండి! అంత చిన్న మనిషికి అంత గొంతు ఎక్కడిదో నాకు తెలియదు. వార్డు దద్దరిల్లింది. ఐదో మంచం ఆయన ఉలిక్కిపడి "ఆఁ!" అన్నాడు. కిటికీ పక్క మంచం నుంచి ఇంకొకాయన లేచి కూర్చుని "ఎవరూ?" అన్నాడు. స్ట్రెచర్ తోసే మా వార్డు బాయ్ కారిడార్ అవతలి నుంచి "వస్తున్న మేడమ్!" అంటూ ఉరుక్కుంటూ వచ్చాడు. అతని పేరు కూడా అదేనని నాకు ఆ రోజే తెలిసింది, అందరం తమ్ముడూ అనే పిలిచేవాళ్లం. ఆ పేరున్నవాళ్లంతా పలికారు, పలకాల్సిన ఒక్కడు తప్ప.

పిల్ల ఇంటిపేరు కూడా చేర్చి మళ్లీ పిలిచింది. ఈసారి గొంతులో ఏడుపు ఉంది, కోపమూ ఉంది.

అతను కళ్లు తెరిచాడు. భార్య ముఖం వైపు వింతగా చూశాడు. ఆ గొంతుతో ఆ పేరు అతను జన్మలో వినలేదు కదా. ఎక్కడున్నాడో అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. లేవబోతే పిల్ల ఛాతీ మీద చెయ్యి పెట్టి పడుకోబెట్టింది.

"నౌకరి ఒచ్చిందా?" అన్నాడు.

మా హెచ్చార్ వంగి, టై వెనక్కి వేసుకుని, అతని పక్కన గొంతుక్కూర్చున్నాడు. "వచ్చిందన్నా, వచ్చింది. నువ్వు ముందు కదలకుండా పడుకో" అన్నాడు. డాక్టరు గారు అంతకు ముందే తలూపేశారు. పాలసీ అన్న మాట ఆ రోజంతా మళ్లీ ఎవరి నోటా రాలేదు. పెళ్లి సర్టిఫికెట్ తెచ్చి ఇవ్వడానికి నెల రోజులు టైమిచ్చారు. అతనికి షుగర్ చూస్తే తగ్గింది, ఇన్ని గ్లూకోజు నీళ్లు తాగించారు. పొద్దుటి నుంచి తల్లి దగ్గర టిఫిన్ డబ్బా ఉండనే ఉంది, తినమని చెప్పినవాళ్లు లేరు. నాలుగో మంచం తాత మాత్రం, పరీక్ష మళ్లీ ఎప్పుడు పెడతారని అడుగుతున్నాడు.

ఆ పిల్ల నేను రిటైరయ్యే దాకా నా కిందే పని చేసింది. ఇప్పుడూ అక్కడే ఉంది, కొత్త నర్సులకు పేరు ఎట్లా అడగాలో ఆమే నేర్పుతోంది. కాబట్టి పిల్లలూ, ఇంటర్వ్యూలో చెప్పలేనిది ఏదైనా ఉంటే తల వంచుకుని కూర్చోకండి, ఎందుకు చెప్పలేరో చెప్పండి. బల్లకు ఇవతల ఉన్నదీ మనుషులే. సగంమంది పాప డాడీల పెళ్లాలే.

ఇక్కడితో ఆపేయవచ్చు. కానీ ఆ సాయంత్రం సంగతి ఒకటి మిగిలింది. అది చెప్పకుండా పోతే నాకు నిద్ర పట్టదు.

లోపల కోడలు జాయినింగ్ కాగితాల మీద సంతకాలు పెడుతోంది. కొడుకు కింద ట్రాలీ ఆటో దగ్గరికి పోయాడు. అత్తగారు కారిడార్ బల్ల మీద మనుమరాలిని పెట్టుకుని కూర్చుంది. నాకు నోరు ఊరుకోదు కదా, పోయి పక్కన కూర్చుని ఆట పట్టించాను.

"ఏమక్కా, కోడలు నీ కొడుకు పేరు చేవెళ్ల దాకా వినపడేటట్టు పిలిచింది. ఇప్పుడు ఆయుష్షు సంగతేంది?"

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. బిడ్డ కాళ్లకున్న పట్టీలు సర్దుతూ కూర్చుంది.

"మా ఆయన మక్క చేన్ల గుండె పట్టుకొని పడ్డడు సిస్టరమ్మా" అంది. "నేను పక్కనే ఉన్న. ఇగో, ఓ, లెవ్వు, అనుకుంటనే ఉన్న. గిట్లనే కుదిపిన. గిట్లనే నెత్తి ఒళ్లె పెట్టుకున్న. పేరు పెట్టి పిలువాల్నని నాకు సోయే రాలే. పిలిస్తె ఇంటుండెనేమో."

నాకు ప్రాణం ఉసూరుమంది. ఇంత వయసొచ్చింది, ఎప్పుడు హాస్యమాడాలో తెలియని నోరు నాది. గుండె ఆగినప్పుడు ఎవరు పిలిచినా వినపడదక్కా, నీ తప్పేమీ లేదు అన్నాను. నర్సుగా చెప్పాల్సిన మాట అదే, అబద్ధం కూడా కాదు. ఆమె సరే అన్నట్టు తలూపింది.

"ఇప్పుడైతె ఏం తగ్గేది లేదు గద" అంది.

బిడ్డను ఇంకో తొడ మీదికి మార్చుకుంది. కారిడార్‌లో అటూ ఇటూ చూసింది. తర్వాత ఆయన పేరు అంది. మెల్లగా, బడికి కొత్తగా పోయిన పిల్ల అక్షరాలు కూడబలుక్కున్నట్టు.

"ఎట్లున్నదక్కా?" అని అడిగాను.

"నోరు తిరుగుతలేదు సిస్టరమ్మా" అని నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.